పందుల పెంపకందార్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం ఎక్కువగా పట్టించుకున్న విషయం ఒకటే: కోసిన పందిలో రంగు తేడా కనిపిస్తే ఏం చేయాలి? కొవ్వు పసుపు పచ్చగా ఉందనగానే వ్యాపారి రేటు కోస్తాడు, లేదా పందినే వద్దంటాడు. ఆ టెన్షన్‌లో జబ్బు మాంసాన్ని కూడా గుట్టుగా అమ్మేసేవాళ్లు ఉన్నారు. ఇది అస్సలు జరగకూడదు. అందుకే పశువైద్యాధికారిని పిలిచి కబేళాలోనే శిక్షణ పెట్టించాం.

కామెర్లయితే పసుపు కొవ్వుతో ఆగదు. కంటి తెల్లగుడ్డు, రక్తనాళాల లోపలి పొర, కీళ్ల దగ్గరి తెల్లని భాగాలు కూడా పచ్చబడతాయి. లెప్టోస్పైరోసిస్ (లెప్టో) అనే బ్యాక్టీరియా జబ్బు, బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం, పిత్తనాళంలో అడ్డుపడ్డ ఏలికపాము, ఏదైనా కారణం కావచ్చు. ఆ పందిని మొత్తంగా తీసేయాల్సిందే, నష్టమైనా సరే. పైగా లెప్టో పంది మూత్రం నుంచి మనుషులకూ సోకుతుంది. కోసేవాళ్లకు గ్లౌజులు, బూట్లు లేకుండా పని మొదలుపెట్టకండి.

మేత వల్ల వచ్చే పసుపు వేరు. చేపల వ్యర్థాలు ఎక్కువై, విటమిన్ ఇ చాలకపోతే కొవ్వు పసుపు, గోధుమ రంగుల మధ్యకు మారుతుంది, చేప వాసన కొడుతుంది. కంటి తెల్లగుడ్డు మాత్రం తెల్లగానే ఉంటుంది. తీరప్రాంత సభ్యులకు ఈ సమస్య ఎక్కువ, ఎందుకంటే చేపల వ్యర్థాలు అక్కడ చవక. అమ్మే ముందు కొన్ని వారాలైనా వాటిని ఆపమని మా సలహా. వాసన వచ్చే మాంసాన్ని జబ్బు లేకపోయినా అమ్మకూడదు.

కంటితో తేల్చలేకపోతే 24 గంటలు చిల్లర్‌లో ఉంచి మళ్లీ చూస్తారు. అప్పటికీ అనుమానమైతే చిన్న పరీక్ష ఉంది. కాస్త కొవ్వును 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) ద్రావణంలో మరిగించి, బాగా చల్లారాక ఈథర్ కలుపుతారు. పసుపు కింది నీటి పొరలో ఉంటే పిత్తం, అంటే కామెర్లు; పై ఈథర్ పొరలో ఉంటే మేత రంగు. ఈథర్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, కాబట్టి డాక్టరు లేకుండా ఎవరూ చేయొద్దు. పసుపు బల్బు కింద రంగు అస్సలు తేలదు. పగటి వెలుతురులో చూడాలి, లేదా కనీసం 540 లక్స్ వెలుగునిచ్చే తెల్ల లైటు పెట్టాలి.

నల్ల మచ్చల గురించి కూడా చాలామంది అడిగారు. నల్ల ఆడపందుల పొట్ట దగ్గర, పొదుగు కొవ్వులో చుక్కలు కనిపిస్తే అది మెలనిన్, పుట్టుకతో వచ్చే రంగు. ఆ భాగం కోసేస్తే మిగతాది వాడుకోవచ్చు. గడ్డలుగా ఉండి వేరే అవయవాలకు పాకితే మాత్రం క్యాన్సర్ కావచ్చు, నిర్ణయం డాక్టరుదే. తొడలో గోధుమ మచ్చలకు పిల్లలప్పుడు వేసిన ఐరన్ ఇంజెక్షన్ కూడా కారణం. దాన్ని మెడలో వేయిస్తే మంచి మాంసం పాడవదు.

టీకాలు, నులిపురుగుల మందు పంపిణీ మామూలుగానే జరిగాయి. లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదువుతాం.

వచ్చే ఏడాది నుంచి ప్రతి బ్యాచ్‌తో పాటు మేత వివరాలు, వేసిన మందులు రాసిన చీటీ కబేళాకు పంపాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. ఏం తిన్నదో తెలిస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. చీటీ నమూనాపై మీ అభిప్రాయాలు సమావేశానికి ముందే కార్యదర్శికి చెప్పగలరు.