వరద శిబిరానికి వెళ్లే ముందు చేతిలో ఉండాల్సిన కాగితం

హ్యూస్టన్

చిరంజీవి శ్రీనుకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గోదావరి పొంగినప్పుడు మీ డాక్టర్లంతా కలిసి లంక గ్రామాల్లో ఉచిత వైద్య శిబిరం పెడదామంటే, ఏదైనా అటూ ఇటూ అయితే కేసు తమ మీద పడుతుందేమోనని కొందరు వెనకాడుతున్నారని రాశావు. వాళ్ల భయం అర్థంలేనిది కాదు. ఇక్కడి చట్టం ఎలా ఉందని అడిగావు కాబట్టి ముందు అదే చెప్తాను. అందులో మీకూ పనికొచ్చేది ఉంది.

అమెరికాలో 1997లో వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది. లాభాపేక్ష లేని సంస్థకో ప్రభుత్వానికో జీతం లేకుండా పనిచేసే మనిషి చేతిలో పొరపాటున ఎవరికైనా హాని జరిగితే, నష్టపరిహారం ఆ మనిషి మెడకు చుట్టుకోదు. పేచీ అంతా షరతుల దగ్గరే. అప్పగించిన పని దాటకూడదు. టెటనస్ ఇంజక్షన్లు వెయ్యమని కూర్చోబెట్టిన నర్సు, రద్దీ చూసి జాలిపడి గాయానికి కుట్లు వేసిందంటే ఆ రక్షణ చేజారినట్టే. ఆ పనికి లైసెన్సు కావాలంటే, హాని జరిగిన రాష్ట్రంలో చెల్లే లైసెన్సు ఉండాలి. అయిన ఖర్చులు తీసుకోవచ్చు గానీ, జీతానికి బదులుగా ఏడాదికి 500 డాలర్లకు మించి ఏదీ ముట్టకూడదు. తీవ్రమైన నిర్లక్ష్యానికి రక్షణ లేదు. రోగిని కారెక్కించుకుని వెళ్తూ యాక్సిడెంట్ చేస్తే ఈ చట్టం అక్కరకు రాదు, అది బండి ఇన్సూరెన్సు చూసుకోవాలి. ఇంకో సంగతి, ఇది కాపాడేది మనిషినే, సంస్థను కాదు. కేసు వెయ్యకుండా ఎవరినీ ఆపదు కూడా, కాబట్టి లాయరు ఖర్చు తప్పకపోవచ్చు.

2005లో కత్రినా తుఫానుకి వేరే రాష్ట్రాల నుంచి తరలివచ్చిన డాక్టర్లు, నర్సులు ఈ లైసెన్సు చిక్కులోనే ఇరుక్కున్నారు. సాయం చెయ్యడానికి వచ్చి ఊరికే కూర్చోవాల్సి రావడం ఎంత బాధ! ఆ తర్వాత 2006లో, రాష్ట్రాలు కావాలంటే తమ చట్టంగా చేసుకునేలా ఒక మాదిరి చట్టం తయారుచేశారు. విపత్తు ప్రకటించినప్పుడు, వాలంటీర్ల రిజిస్ట్రీలో పేరున్నవాళ్లు సొంత రాష్ట్రం లైసెన్సుతోనే ఆ చట్టం తీసుకున్న వేరే రాష్ట్రంలో పనిచెయ్యొచ్చు. అన్ని రాష్ట్రాలూ దాన్ని తీసుకోలేదు. ఏ చట్టం చూసినా నాకు కనిపించేది ఒకటే: ఎవరో పంపగా వెళ్లినవాళ్లకున్న అండ, మనసు ఆగక తమంతట తాము వెళ్లినవాళ్లకి ఉండదు.

మన దగ్గరా అంతే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ మంచిదే, కానీ అది రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడినవాళ్లకే. వరదలకు చూడాల్సింది 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 73వ సెక్షన్. ప్రభుత్వం తరఫున, విపత్తు అథారిటీ తరఫున సదుద్దేశంతో పనిచేసినవాళ్ల మీద దావా గానీ ప్రాసిక్యూషన్ గానీ ఉండదంటుంది. ఆ ‘తరఫున’ అన్నదానికి రుజువు మీ దగ్గర ఉండాలి. జిల్లా అథారిటీకి కలెక్టరే అధ్యక్షుడు. కాబట్టి వానలు మొదలవకముందే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ద్వారా కలెక్టరుకు అర్జీ పెట్టండి. ఒక్కొక్కరి పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఏ ఊళ్లో ఏ పని, ఏ తేదీలు, ఎవరి పర్యవేక్షణ అన్నీ రాసి, రాతపూర్వకంగా ఉత్తర్వు తీసుకోండి. ఫోన్లో ‘వెళ్లండి సార్’ అంటే సరిపోదు.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. అందరికీ పూర్తి ఉచితంగా చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే, ఆ ఉచితంగా చూసినవాళ్లు కూడా వినియోగదారులే అవుతారు. మందులకని పది రూపాయలు కూడా వసూలు చెయ్యొద్దు. క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, తీవ్ర నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ అనే డాక్టరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయినా మీది తీవ్ర నిర్లక్ష్యం కాదని రుజువయ్యేది రికార్డుతోనే.

అందుకని శిబిరం గుమ్మం దగ్గరే ఒక రిజిస్టరు పెట్టండి. వచ్చిన డాక్టరు పేరు, అప్పగించిన పని, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. ఓపీ చీటీ మీద మందు పేరుతో పాటు బ్యాచ్ నంబరు, ఎలర్జీ అడిగారా లేదా అన్నదీ రాయండి. అర్జీ పెట్టేముందు ఒక లాయరుకి చూపించు. ఉత్తర్వును ఫొటో తీసి అందరి ఫోన్లలోనూ ఉంచండి, పడవలో అసలు కాగితం తడిస్తే చేతిలో ఏమీ ఉండదు.

అర్జీ నమూనా రాశాక పంపు, చూస్తాను.

ఇట్లు,
అక్క