ఆ నీలం ఫైలు తెచ్చిచ్చిన అన్నకు

మొన్న కోఠిలో సిటీ బస్సు దిగేటప్పుడు నేను సీట్లో మరిచిపోయిన ఫైలును మా గురుకులం గేటు దాకా తెచ్చి, వాచ్‌మన్ తాతకిచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. మీకు వేల దండాలు అన్నా.

ఆ ఫైలు నా ఒక్కడిది కాదు, ముగ్గురిది. జిరాక్సుల కోసం నేను పట్టుకెళ్లాను. పది, ఇంటర్ మెమోలు, టీసీలు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివామో చూపే బోనఫైడ్‌లు అందులోనే ఉన్నాయి. ఇంజినీరింగ్ లాంటి సీట్లిచ్చే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మనం లోకల్, అంటే ఇక్కడే చదివినవాళ్లం అని చూపించేది ఆ బోనఫైడ్‌లే. ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

అయితే నాకు ఏడుపొచ్చింది అడుగున ఉన్న ఇంకో కాగితం గురించి. మా దోస్తుకు సైన్స్ ఫెయిర్‌లో వచ్చిన మొదటి బహుమతి సర్టిఫికెట్ అది. ఐదో తరగతిలో మాతో చేరినప్పుడు వాడికి ఇంగ్లిష్‌లో తన పేరు రాయడం రాదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక కూడా ట్రంకు పెట్టె మీద పలక పెట్టుకుని దిద్దేవాడు. వాళ్ల నాన్న హమాలీ. ఆయనకు ఇంకా చూపించలేదని దాన్ని మడత పడకుండా దాచుకున్నాడు. నిన్న ఊరికి పట్టుకెళ్లాడు.

మీరు మంచినీళ్లు మాత్రమే తాగి వెళ్లారని తాత చెప్పాడు. ఒక్కసారి మళ్లీ గేటు దగ్గరికి రండన్నా, మా మెస్‌లో అన్నం తిని వెళ్దురు.