ఖమ్మం బస్సులోని కండక్టరమ్మకు

నడుములో ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్యనుండే డిస్కుకు ఆపరేషన్ అయి ఏళ్లు గడిచాయి. డాక్టర్లు బాగానే చేశారు. అయినా కొందరికి నరం చుట్టూ మచ్చకట్టి నొప్పి ఉండిపోతుంది. ఆ కొందరిలో నేనొకదాన్ని. నడిస్తే నయం. ఎక్కువసేపు కూర్చుంటేనే పిరుదు నుంచి మడమ దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగుతుంది.

పోయిన వారం హైదరాబాద్ నుంచి ఖమ్మం వస్తుంటే, సూర్యాపేట దాటాక ఇక కూర్చోలేక లేచి కడ్డీ పట్టుకున్నాను. "సీటుండగా ఎందుకు నిలబడడం?" అని వెనకాల ఎవరో విసుక్కున్నారు. పైకి కనపడని నొప్పితో ఇదే చిక్కు, అందరికీ వివరం చెప్పుకోవాలి.

మీరు మాత్రం ఏమీ అడగలేదు. మీ సంచిలోంచి తువ్వాలు తీసి, గట్టిగా చుట్ట చుట్టి, సీటులో సరిగ్గా నడుము ఆనేచోట పెట్టారు. "అక్కా, నిలబడబుద్ధయితే నిలబడు, ఒరగబుద్ధయితే ఒరుగు. నిన్నెవరూ ఏమనరు" అన్నారు. డ్రైవరన్న చెవిలో ఏదో చెప్పారు, బస్సు నెమ్మదించింది. ఆ తర్వాత ఖమ్మం దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ, టికెట్లు కొడుతూనే, "అక్కా, వస్తుంది, పట్టుకో!" అని కేకేశారు. మాలాంటివాళ్లకు కుదుపు కన్నా, అది చెప్పకుండా రావడమే ఎక్కువ బాధ. మీకా సంగతి ఎలా తెలిసిందో!

దిగేటప్పుడు బ్యాగు మీరే కిందికి అందించారు. తువ్వాలు ఇవ్వబోతే "ఉంచుకో అక్కా, దారిలో పనికొస్తది" అన్నారు.

చాలా చాలా థ్యాంక్స్ చెల్లెమ్మా, మనస్ఫూర్తిగా. మీ డిపోవాళ్లెవరైనా ఇది చదివితే దయచేసి ఆమెకు వినిపించండి.