రొయ్యల బండిలో కంప్యూటర్ గురించి

భీమవరం

ప్రియమైన ప్రసాద్,

నీ ఉత్తరం అందింది. రొయ్యల బండిలో పెట్టించిన కంప్యూటర్ అమలాపురం దాటి రాజోలు వైపు తిరిగేసరికి నెట్‌వర్క్ కార్డు కనబడటం లేదంటోందని, కార్డును ఒకసారి పీకి మళ్లీ గుచ్చితే కొన్నాళ్లు బుద్ధిగా నడుస్తోందని రాశావు. కొత్త కార్డు కొనమంటావా అని అడిగావు. అప్పుడే వద్దు. పీకి గుచ్చితే బాగుపడుతోందంటే, తగువంతా కార్డుకూ, అది కూర్చునే గాడికీ (స్లాటుకూ) మధ్యనే ఉందని నా అనుమానం.

కార్డు గుంతల్లో ఊడిపోతోందని నువ్వు అనుకుంటున్నావు కానీ, ఊడిపోయేంత కుదుపు అరుదు; ఎక్కువ హాని చేసేది కంటికి ఆనని కదలిక. ఇంజిన్ అదురుకు కార్డు అంచున కరెంటు దాటించే లోహపు పట్టీలు, అంటే కాంటాక్టులు, స్లాటులోని స్ప్రింగుల మీద మైక్రాన్ల మేర అటూ ఇటూ రాసుకుంటూనే ఉంటాయి. తగరపు పూతైతే రాపిడికి రాలిన పొడి ఆక్సైడుగా మారి కరెంటుకు అడ్డుపడుతుంది. బంగారానికి తుప్పు పట్టదు గానీ, చవక కార్డుల్లో పూత మరీ పలచన కావడంతో అది అరిగిపోయి కింది నికెల్ బయటపడుతుంది. ఒక వైపు బంగారం, మరో వైపు తగరం ఉన్న జోడీ ఇంకా చెడ్డది. నువ్వు కార్డు పీకి గుచ్చిన ప్రతిసారీ ఆ పొర కాస్త చెరుగుతుంది, అంతే. బండి నీడలేని చోట ఆగి ఉన్నా, మధ్యాహ్నపు వేడికీ రాత్రి చల్లదనానికీ బోర్డు ఒక తీరున, స్లాటు ఒక తీరున వ్యాకోచించి సంకోచించడంతో ఈ రాపిడి ఆగదు. దీనికి తోడు మన కోనసీమ ఉప్పుగాలి, ట్రేల నుంచి కారే నీళ్లు ఉండనే ఉన్నాయి.

ఎరేజరుతో రుద్దమని ఎవరైనా చెబితే వినకు. ఉన్న బంగారం కూడా పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, కార్డు రెండో కొసను బిగించు. మామూలు కార్డును పట్టి ఉంచేది బ్రాకెట్ వైపు ఒక్క స్క్రూయే కనుక, అవతలి కొస ఊగుతూ ఉంటుంది. అక్కడ క్లాంపు పెట్టించు. హాట్ గ్లూ మూసిన బండి వేడికి మెత్తబడుతుంది. సిలికాన్ వాడితే, ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకాన్ని తేవద్దు, అందులోంచి వెలువడే ఆమ్లం లోహాన్ని తినేస్తుంది.

మళ్లీ కొనేటప్పుడు నెట్‌వర్కు మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసి ఉన్న దాన్ని చూడు. కార్డులు తప్పనిసరైతే పీసీ/104 పద్ధతి నాకు నచ్చుతుంది. 1992లో వచ్చిన ఈ ప్రమాణంలో 90 × 96 మిల్లీమీటర్ల బోర్డులు పిన్నులతో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, నాలుగు మూలలా స్క్రూలు పడతాయి. ధర మాత్రం నీ మామయ్య గారికి నచ్చదు.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పని చెయ్యి. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం స్లాటులో కూర్చునే కార్డే కనుక, లైనక్స్ తానే రాసుకునే చిట్టాలో (లాగులో) కరెక్టెడ్ ఎర్రర్లు, అంటే దారిలో దొర్లినా తనంతట తానే సరిదిద్దుకున్న తప్పులు, ఎన్ని పడుతున్నాయో బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఒకసారి, 216 జాతీయ రహదారి మీద వెళ్తున్నప్పుడు ఒకసారి చూడు. కార్డుకూ బోర్డుకూ మధ్య లింకు వెడల్పు నాలుగు లేన్ల (డేటా నడిచే దారుల) నుంచి ఒకటికి పడిపోయిందేమో కూడా గమనించు. ఆ లాగులు రెండూ పంపితే క్లాంపు ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి పంపుతాను.

నీ
రాంబాబు