సంచులన్నీ బల్ల మీద పెట్టిన ఏడాది: మన కాలనీ ఆరోగ్య సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను. రాయకపోతే ఏడాదంతా ఏం చేశారని అడిగేవాళ్లు మనలోనే ఉన్నారు, అందుకు కూడా. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా జరిగిన సంగతులివి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పను, మీకు తెలిసిందే.

ముందు కృతజ్ఞతలు. ఆఖర్లో పెడితే అప్పటికి అందరూ ఉగ్గాని, బజ్జీల దగ్గరికి లేచిపోతారు, పోయినసారి అదే అయింది. అడిగినప్పుడల్లా హాలు తాళం ఇచ్చిన గుడి కమిటీ పెద్దలకు, ఆదివారం పొద్దున ఐదున్నరకే వచ్చి చాపలు పరిచిన యోగా మాస్టారికి, పైసా తీసుకోకుండా నెలకోసారి వచ్చి కూర్చున్న డాక్టరమ్మకు, ఆయుర్వేద డాక్టరుగారికి, షుగరు స్ట్రిప్పులు కొన్న ధరకే ఇచ్చిన మెడికల్ షాపు ఆయనకు, మజ్జిగ క్యాన్లు మోసిన ఆటో స్టాండు పిల్లలకు, టెంటు వేసి బాడుగ అడగని సప్లయర్స్ ఆయనకు (ఆయన అడగలేదు గానీ మనం ఇవ్వాలి, కోశాధికారి గారు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి), బీపీ చూడటానికి వచ్చిన నర్సింగ్ విద్యార్థినులకు, ఎవరూ చెప్పకుండానే ముందొచ్చి కుర్చీలు వేసి, అందరూ పోయాక హాలు ఊడ్చి వెళ్లిన ఇద్దరు అక్కలకు పేరుపేరునా దండాలు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయలేదు. ఎవరో అందరికీ తెలుసు.

ఎండాకాలం పని ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. అనంతపురం ఎండ గురించి అనంతపురం వాళ్లకు నేను చెప్పేదేముంది. కాలనీ మొదట్లో వేపచెట్టు కింద మజ్జిగ పందిరి వేశాం. మజ్జిగా, నన్నారి షర్బత్తా అని రెండు మీటింగులు వాదించుకున్నాం. నన్నారి వేరు చలవే, కాదనను, కానీ మనం కలిపే షర్బత్తులో వేరు కంటే చక్కెర పాకమే ఎక్కువ, షుగరున్నవాళ్లు రెండు గ్లాసులు తాగి చలవ చేసిందనుకుంటారు. మజ్జిగే గెలిచింది. ఓఆర్ఎస్ పొట్లాలు కూడా పెట్టాం. చాలామంది పొట్లం మొత్తం ఒక గ్లాసులో వేసి తాగేస్తున్నారని అక్కడ నిలబడి చూస్తే గానీ తెలియలేదు. పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్లకు. ఇంట్లో పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అంతే, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి మత్తుగా ఉంటే అది మజ్జిగతో పోయేది కాదు. నీడలోకి చేర్చి, తడిబట్ట కప్పి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి, స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. పందిరి దగ్గర కూర్చున్న ముసలాయన ఒకాయన ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపాడు. ఉల్లిపాయతో పాటు గొడుగు కూడా తీసుకోండి అని నేను కలిపేవాణ్ని. ఆయనతో పోట్లాడి ఏం లాభం.

నీళ్ల సంగతి రెండు మాటలు. మన జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ కొత్త కబురు కాదు, 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చిందే ఆ బాధ వల్ల. అయినా ఇప్పటికీ బోరు నీళ్లు కాచి తాగితే చాలనుకునే ఇళ్లున్నాయి. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగకూడదు. కాలనీ బోరు నీళ్లు పరీక్ష చేయించండని ఒక ఆఫీసుకు మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిసారి సారు లేరు, రెండోసారి సారు మారారు, మూడోసారి మా అర్జీయే లేదు. ఈసారి నకలు మీద ముద్ర వేయించుకుని వస్తాను.

ఇక ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవాల్సింది సంచి శిబిరం.

ఆలోచన డాక్టరమ్మది. ఆమె అన్నది ఇదీ: "మీరు నా దగ్గర కషాయం సంగతి దాస్తారు, ఆయన దగ్గర మాత్రల సంగతి దాస్తారు, కడుపులో మాత్రం రెండూ కలిసే ఉంటాయి." అందుకని ఇద్దరు డాక్టర్లనూ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోబెడదామని అనుకున్నాం. నవంబరు 14, మధుమేహ దినం నాడు పెట్టాం. అదే రోజు బాలల దినోత్సవం కావడంతో స్కూలు హాలు దొరకలేదు, గుడి హాల్లోనే సర్దుకున్నాం. ముందురోజు ఆటోలో మైకు పెట్టి తిప్పాం: ఇంగ్లీషు మందులు, ఆయుర్వేదం, హోమియో, ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లం, ఫోన్లో వీడియో చూసి తెప్పించుకున్న పొడి, ఇంట్లో ఏది ఉంటే అది సంచిలో వేసుకుని రండి, ఎవరూ తిట్టరు అని. ఈ ఎవరూ తిట్టరు అన్న మాటకే జనం వచ్చారని నా నమ్మకం.

మొదట వచ్చిన అవ్వ సంచి నేనింకా మర్చిపోలేదు. బియ్యం సంచి సగానికి కత్తిరించి కుట్టుకున్నది. అందులోంచి హార్లిక్స్ సీసా తీసింది. నిండా మాత్రలు, తెల్లవి, గులాబీవి, సగం విరిగినవి, షీట్లలో నుంచి తీసుకోవడం కష్టమని మనవడు అన్నీ వొలిచి పోశాడట, బుడ్డలు వొలిచినట్టు. ఏది ఎప్పుడు వేసుకుంటావవ్వా అంటే రంగు చూసి వేసుకుంటానంది. తర్వాత రెండు షీట్లు తీసింది, ఒకటి ఇక్కడి డాక్టరు రాసింది, ఒకటి బెంగళూరులో కొడుకు దగ్గరున్నప్పుడు రాసింది. పైన పేర్లు వేరు. డాక్టరమ్మ అద్దాలు పైకెత్తి కింద సన్నక్షరాలు చదివితే రెండింట్లోనూ మెట్‌ఫార్మిన్ అనే ఒకే షుగరు మందు. "పేరు వేరైతే మందు వేరనుకున్న్యా నాయనా" అంది అవ్వ. రోజూ రెండింతలు వేసుకుంటోంది, కడుపులో తిప్పుతోందని దానికి మళ్లీ గ్యాస్ మాత్ర.

ఆఖర్న చెంగు ముడి విప్పి కాగితం పొట్లం ఒకటి బయటపెట్టింది. బూడిదరంగు పొడి. సంతలో కొన్నదట, మోకాళ్లకు. మూడు రోజుల్లో మెట్లెక్కాను అంది, మొహం వెలిగిపోతూ. డాక్టరమ్మ ఏమీ అనలేదు, పొట్లం పక్కకు జరిపింది. ఆయుర్వేద డాక్టరుగారు దాన్ని వాసన చూసి, వెలుగులో పట్టుకుని చూసి, "అమ్మా, మా శాస్త్రంలో మూడు రోజుల్లో మోకాళ్లు బాగుచేసే పొడి నేను చదవలేదు, ఇందులో స్టెరాయిడ్ కలిపారేమోనని నా అనుమానం" అన్నారు. అవ్వకు నాలుగు నెలలుగా షుగరు ఎందుకు ఎగబాకుతోందో, మొహం ఎందుకు ఉబ్బిందో అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఇక్కడ అందరూ వినాల్సిన మాట ఒకటుంది. అలాంటి పొడి నెలల తరబడి తిని, భయపడి ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి. అవ్వను మరుసటి రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది పైన చెప్పిన అక్కల్లో ఒకరు. ఇప్పుడు అవ్వ బాగుంది, మోకాళ్లు మళ్లీ నొప్పే గానీ షుగరు దిగింది. ఉప్పు కాపడం, తైలం మర్దన, కుర్చీలో కూర్చుని కాలు చాచే వ్యాయామం చేస్తోంది. వీటికి ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్నారు.

ఆ రోజు బల్ల మీదికి ఏమేం వచ్చాయో రాస్తే పేజీలు చాలవు. థైరాయిడ్ మాత్ర కాఫీతో కలిపి మింగేవాళ్లే సగం మంది, అది పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. థైరాయిడ్ మాత్ర వాడుతూ డాక్టరుకు చెప్పకుండా అశ్వగంధ తినేవాళ్లు, రక్తం పలచబరిచే మందు మీద వెల్లుల్లి గొట్టాలు మింగేవాళ్లు, బీపీ మాత్రతో పాటు రోజూ నొప్పుల బిళ్ల వేసుకునేవాళ్లు. ఈ చివరిది కిడ్నీలకు మంచిది కాదు. తెరిచి ఏడాదైన కంటి చుక్కలు ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన దాచినాయన ఒకరు, అవి తెరిచిన నెలకే పారేయాలి. త్రిఫలను మాత్రం ఇద్దరూ ఏమీ అనలేదు, మలబద్ధకానికి రాత్రిపూట కాస్త వేసుకోవచ్చు, విరేచనాలు పట్టుకుంటే ఆపాలి అన్నారు. వాంతి వికారానికి అల్లం మంచిదని డాక్టరమ్మే చెప్పింది. సాయంత్రానికి ప్రతి మనిషి చేతిలో ఒక కార్డు, అందులో ఏం తినాలి, ఏది మానాలి, ఒకే కార్డు మీద ఇద్దరు డాక్టర్ల చేతిరాత. ఆ కార్డు ఏ ఆసుపత్రికి పోయినా తీసుకెళ్లండి.

దాచడం ఎందుకు, నా సంగతి కూడా రాస్తాను. మా బంధువొకాయన మాట విని మునగాకు కషాయం మొదలుపెట్టి, బాగానే ఉంది కదా అని బీపీ మాత్ర మానేశాను, ఎవరికీ చెప్పలేదు. శిబిరంలో సరదాగా చెయ్యి చాపితే ఆ నర్సింగ్ పిల్ల 178/104 అంది. మిషన్‌లో బ్యాటరీ అయిపోయిందమ్మా అన్నాను. ఇంకో మిషన్ తెచ్చింది, అదీ అంతే. 140/90 దాటితేనే జాగ్రత్త పడమని నెలనెలా మీకు చెప్పేది నేనే. డాక్టరమ్మ నవ్వి, కషాయం తాగండి, మాత్ర మానొద్దు, తల నొప్పి లేదంటే బీపీ లేదని కాదు అంది. ఇంకో సంగతి, బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ, బీడీ వద్దు, ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి ఊరికే కూర్చోవాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు. మనవాళ్లు మెట్లెక్కి వస్తూనే చెయ్యి చాపి, అల్లుడి కథ మొదలుపెడతారు.

తిండి మీద రెండు క్లాసులు పెట్టాం. రాగి సంగటి తింటే షుగరు రాదని రెండు ముద్దలు లాగించేవాళ్లు ఉన్నారు. రాగుల్లో పాలకంటే ఎక్కువ కాల్షియం ఉంది, పీచు ఉంది, నిజమే, కానీ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. ఒక ముద్ద, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించొద్దు. ఊరిబిండి, ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడం అన్నీ అందులోకే వస్తాయని చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దం.

కుక్క కాటు ఈ ఏడాది ఎక్కువ. ఒక పిల్లాడికి కరిచిన చోట కారప్పొడి అద్ది తెచ్చారు. కారం, సున్నం, పసరు ఏదీ వద్దు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, ఆ రోజే టీకా మొదలుపెట్టి చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి, రేబిస్ వచ్చాక ఏ వైద్యమూ లేదన్నంత పని. పాము కాటుకు కూడా కట్టు బిగించడం, కోయడం, మంత్రం వద్దు, కదలకుండా ఆసుపత్రికి. కామెర్లకు పసరు మాట వస్తే ఇళ్లల్లో గొడవే. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. అన్ని కామెర్లూ ఆ రకం కావు, రక్త పరీక్ష చేయించాకే మిగతా సంగతి. తిప్పతీగ గురించి కూడా అడిగారు. కోవిడ్ కాలంలో అది తాగి లివర్ దెబ్బతిన్న కేసుల గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ మాత్రం ఒప్పుకోలేదు, వాళ్లు తాగింది వేరే మొక్క అయ్యుండొచ్చంది. మన ఆయుర్వేద డాక్టరుగారి మాట ఏమిటంటే, గోడ మీద పాకిన తీగ ఏదో తెలియకుండా రసం తీసి నెలల కొద్దీ తాగొద్దు.

యోగా ఆదివారాలు ఆగకుండా నడిచాయి. బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు కపాలభాతి చేయకూడదని, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాల జోలికి పోకూడదని మాస్టారు ప్రతివారం చెబుతారు, వెనక వరసలో ప్రతివారం ఒకాయన శీర్షాసనం ప్రయత్నిస్తారు.

ఇప్పుడు మనసులో ఉన్నది కక్కేస్తాను. సంచి శిబిరానికి వస్తామని వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు ముప్పై మందికి పైనే. వాళ్లలో వచ్చింది ఐదుగురు. పెళ్లి, గృహప్రవేశం, టెన్షన్, కారు సర్వీసు, అన్నీ విన్నాను. ముఖ్య అతిథిగా వస్తానన్న ఒక అధికారి కోసం గంటన్నర కాచుకున్నాం, రక్త పరీక్షకు పరగడుపున వచ్చిన షుగరు వాళ్లందరినీ ఆకలితో కూర్చోబెట్టి. ఒకామెకు కళ్లు తిరిగేసరికి నాకు కోపం ఆగలేదు, రిబ్బన్ పక్కన పారేసి పరీక్షలు మొదలుపెట్టించాను. తెచ్చిన శాలువా కుర్చీలు వేసిన అక్కకు కప్పాం. ఆ రోజు పరగడుపున షుగరు 126, ఆపైన వచ్చినవాళ్లు వేలి రక్తంతోనే ఊరుకోకుండా ల్యాబులో మళ్లీ చేయించుకోవాలి, కొందరు ఇంకా చేయించుకోలేదు, నా దగ్గర లిస్టు ఉంది.

లెక్కలు. జమ, ఖర్చు వెనక పేజీలో ఉన్నాయి, కోశాధికారి గారు చదువుతారు. చందాలు సగం ఇళ్ల నుంచే వచ్చాయి, ఖర్చులో పెద్దవి స్ట్రిప్పులు, మజ్జిగ. రెండు రసీదులు దొరకలేదు, వెతుకుతున్నాం. ప్రశ్నలుంటే టీ తర్వాత.

వచ్చే ఏడాది సంచి శిబిరం రెండుసార్లు పెట్టాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను, కావాలంటే కొత్త కార్యదర్శి కింద. రెండో బీపీ మిషన్ సంక్రాంతి అప్పుడు ఎవరో ఇంటికి తీసుకెళ్లారు, ఎవరో నాకు తెలుసు, సోమవారం లోపు హాల్లో పెట్టేస్తే పేరు చెప్పను.

ఇట్లు,
కార్యదర్శి