ఇడ్లీ ధర తగ్గించే ముందు

తెనాలి

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. కూకట్‌పల్లిలో వచ్చే నెల టిఫిన్ సెంటర్ తెరుస్తున్నానని, వీధిలో అందరూ 40 రూపాయలకు అమ్ముతున్న ఇడ్లీ ప్లేటును 30 రూపాయలకే ఇచ్చి గిరాకీ లాగుతానని రాశావు. తక్కువ ధర పెట్టడం తప్పని నేను అనను. కిరాణా కొట్టులో నేనూ ఆ పని చేసినవాణ్ణే. కాని ధర తగ్గించినప్పుడు నీ ఖర్చయినా తగ్గాలి, లేదా అంతవరకు ఖాళీగా పడివున్నదేదైనా పనిలోకి రావాలి. ఈ రెండూ జరగకపోతే అది వ్యాపారం కాదు, సంతర్పణ.

ప్లేటుకు పప్పు, రవ్వ, చట్నీ, గ్యాసు కలిపి 25 రూపాయలు అవుతుందనుకుందాం. 40కి అమ్మితే అద్దెకూ జీతాలకూ 15 మిగులుతాయి, 30కి అమ్మితే 5 మిగులుతాయి. అంటే అదే మిగులు రావాలంటే మూడు రెట్లు ప్లేట్లు అమ్ముడుపోవాలి. ఉదయం ఎనిమిది గంటలకు జనం ఎలాగూ నిలబడే తింటారు కనుక, అప్పుడు ధర తగ్గిస్తే చేతికి రావలసిన డబ్బు వదులుకున్నట్టే. పదకొండు దాటాక వంట మాస్టరు ఊరికే కూర్చుంటాడు, అద్దె మాత్రం ఆగదు. ఆ వేళ తగ్గింపు ధరకు అదనంగా వచ్చిన ప్రతి మనిషీ లాభమే.

ఇడ్లీకీ దోసెకూ కూడా తేడా ఉంది. ఇడ్లీలు ఒక్క వాయికి డజన్ల కొద్దీ దిగుతాయి, పాత్ర పెద్దదైతే మనిషిని పెంచనక్కర లేదు. దోసెలు పెనం మీద ఎన్ని పడితే అన్నే. గిరాకీ పెరిగితే ఇంకో పెనం, ఇంకో మాస్టరు కావాలి. తగ్గించదలిస్తే ఇడ్లీకే తగ్గించు.

కర్సన్‌భాయ్ పటేల్ 1969లో నిర్మా పొడిని సర్ఫ్ ధరలో మూడో వంతు కన్నా తక్కువకు అమ్మగలిగాడంటే, ఇంటి దగ్గర తానే కలిపి, సైకిల్ మీద తానే ఇంటింటికీ తిరిగాడు కనుక. ప్రకటనల ఖర్చు, దళారుల వాటా ఆ ధరలో లేవు. డీమార్ట్ దుకాణాలు చాలావరకు సొంత భవనాల్లో ఉన్నాయి, పైగా సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు కట్టి ధర తగ్గించుకుంటుంది. రొక్కానికి కొనేవాడికీ అరువుకు కొనేవాడికీ మిల్లువాడు ఒకే ధర చెప్పడని మన కొట్టులోనే చూశావు. ఇక 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్ రూపాయి టిక్కెట్లు కూడా అమ్మి, అంతకుముందు విమానమెక్కని వాళ్లను ఎక్కించింది గాని, నష్టాలు మోయలేక 2007లో కింగ్‌ఫిషర్ చేతికి పోయింది. 2006లో వచ్చిన ఇండిగో చాలా ఏళ్లు ఒకే రకం విమానాలతో ఖర్చు అదుపులో పెట్టుకుని అదే బజారులో నిలబడింది.

ఎదుటి హోటలుది సొంత కట్టడమని, భార్యాభర్తలే పొయ్యి చూసుకుంటారని నువ్వే రాశావు. నువ్వు 30 అంటే వాళ్లు 28 అనగలరు. అద్దె కట్టే నీకంటే వాళ్లు ఎక్కువ నెలలు ఓర్చుకోగలరు కూడా. ధర కోసమే వచ్చినవాడు అప్పుడు రోడ్డు దాటి అటే పోతాడు.

ధరల బోర్డు ఇంకా రాయించవద్దు. ప్లేటుకు పప్పు తూకం నుంచి గ్యాసు వరకు నిజంగా ఎంత అవుతుందో రాసి పంపు. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ ఇక్కడినుంచి టోకున బస్తాల లెక్కన పంపిస్తాను. లారీ కిరాయి పోను కిలోకు ఎంత కలిసి వస్తుందో చూసి, ఆ మేరకే తగ్గిద్దాం.

మీ నాన్న