ఆర్చ్ మానింగ్ సరే, బంతి పట్టేవాళ్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్ ఎన్నారై పేజీలో టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ గురించి ఈ మధ్య తరచుగా రాస్తున్నారు, చాలా సంతోషం. అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్స్‌లో 2025 సీజన్ మొదలుకాకముందే లాంగ్‌హార్న్స్ నంబర్ వన్‌గా ఉండటం ఇదే మొదటిసారి కాబట్టి రాయాల్సిందే. కానీ చదివినప్పుడల్లా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగే కనిపిస్తున్నాడు. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ఆ క్వార్టర్‌బ్యాక్‌ల కుటుంబం కథ ఇప్పటికి అందరికీ కంఠతా వచ్చేసింది. ఆగస్టు 30న కొలంబస్‌లో, నిరుటి ఛాంపియన్ ఒహాయో స్టేట్ సొంత మైదానంలో ఆ కుర్రాడు బంతి విసిరితే పట్టే రిసీవర్లు ఎవరు? దీని గురించి మాత్రం మీరు ఒక్క పేరా కూడా రాయలేదు, అందుకే ఈ ఉత్తరం.

నిరుడు బంతి పట్టి మా జట్టుకి ఎక్కువ గజాలు తెచ్చిన ముగ్గురిని గుర్తు చేసుకోండి. మాథ్యూ గోల్డెన్ 58 క్యాచ్‌లు, 987 గజాలు. టైట్ ఎండ్ (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) గన్నర్ హెల్మ్ 60 క్యాచ్‌లు. ఐజయా బాండ్ 34. కలిపితే 152 క్యాచ్‌లు, ఆ ముగ్గురూ ఇప్పుడు కాలేజీలో లేరు. గోల్డెన్‌ని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికల్లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. జనవరి 1న పీచ్ బౌల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా 13 గజాలు కావాలి, ఓడిపోయామనే అనుకున్నాం. అప్పుడు 28 గజాల టచ్‌డౌన్ పట్టింది గోల్డెనే. ఆ తర్వాత రెండో ఓవర్‌టైమ్‌లో గెలిపించిన టచ్‌డౌన్ పట్టింది హెల్మ్. అలాంటి సమయంలో ఎవరి వైపు చూడాలో క్వార్టర్‌బ్యాక్‌కి ముందే తెలుసు, ఈసారి ఆ నమ్మకం కొత్తగా కుదరాలి.

మిగిలినవాళ్లలో అనుభవం ఉన్నది ఇద్దరికే. డిఆండ్రే మూర్ జూనియర్ నిరుడు 39 క్యాచ్‌లు పట్టాడు, అందులో 7 టచ్‌డౌన్‌లు. రయన్ వింగో 29 పట్టాడు, వేగం, ఎత్తు, బలం అన్నీ ఉన్నాయి, ఈ ఏడాది పెద్ద రిసీవర్ అతనే అవుతాడని నా గట్టి నమ్మకం. స్టాన్‌ఫర్డ్ నుంచి ఎమెట్ మోస్లీ, కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) నుంచి టైట్ ఎండ్ జాక్ ఎండ్రీస్ వచ్చారు. వాళ్ల తర్వాత? నిరుడు ఎక్కువగా బెంచ్ మీదే గడిపిన పార్కర్ లివింగ్‌స్టన్, ఇంకా ఈ మధ్యే హైస్కూల్ దాటి వచ్చిన కేలిక్ లాకెట్, డేలన్ మెకచిన్, జేమీ ఫ్రెంచ్ లాంటి పిల్లలు. క్రికెట్‌లో ఏడో నంబర్ దాకా బ్యాటింగ్ ఉందా లేదా అని చూస్తాం కదా, ఇక్కడ ఐదో రిసీవర్ దాకా చూడాలి. ఆ లోతు ఉందని నేననుకుంటున్నా, కానీ దాన్ని ఇప్పటిదాకా ఎవరూ మైదానంలో పరీక్షించలేదు.

లోతు ఎందుకని అడిగేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. రిసీవర్ పని బంతి తన వైపు వచ్చినప్పుడే అనుకుంటారు చాలామంది. రాని ప్రతి ఆటలోనూ (ఆట అంటే బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా సాగే ఒక్క ప్రయత్నం) అతను పూర్తి వేగంతో ఇరవై ముప్పై గజాలు పరిగెత్తాలి, లేకపోతే ఎదుటి డిఫెన్స్‌కి ఆ ఆటలో అతను లెక్కలో లేడని వెంటనే తెలిసిపోతుంది. పరుగు ఆట అయితే తన ఎదురుగా కాపలా ఉన్న కార్నర్‌బ్యాక్‌ని నెట్టి ఆపాలి. ఇవన్నీ టీవీ కెమెరాలో పడవు. మూడో క్వార్టర్‌కి కాళ్లు బరువెక్కితే మలుపు దగ్గర ఒక్క అడుగు ఎక్కువ పడుతుంది, ఆ ఒక్క అడుగు చాలు బంతి ఎదుటివాడి చేతిలో పడటానికి. నిరుడు టెక్సస్ 16 మ్యాచ్‌లు ఆడింది. సీజన్ చివర్లో బాండ్ చీలమండ దెబ్బతో ఇబ్బంది పడుతుంటే భారమంతా గోల్డెన్, హెల్మ్ మీద ఎలా పడిందో చూశాం. ఈ ఏడాది నుంచి జట్టుకి 105 మంది అని పరిమితి కూడా వచ్చింది కాబట్టి వెనకాల నిలబెట్టుకునే అదనపు కుర్రాళ్లు కూడా తగ్గారు.

ఇంకోటి, ఇది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. మా హెడ్ కోచ్ సార్కీజియన్ పద్ధతిలో చాలా రూట్‌లు, అంటే రిసీవర్ పరిగెత్తే దారులు, ముందే ఖరారై ఉండవు. కార్నర్ ఎక్కడ నిలబడ్డాడు, డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడే సేఫ్టీ వెనక్కి జారాడా ముందుకు వచ్చాడా అన్నది పరిగెడుతూనే చూసుకుని రిసీవర్ ఆగాలో, లోపలికి తిరగాలో, నేరుగా వెళ్లిపోవాలో తేల్చుకోవాలి, క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి, అతను తిరగకముందే బంతి వదిలేస్తాడు. ఇద్దరూ ఒకటే చూస్తే 15 గజాలు వస్తాయి, వేర్వేరుగా చూస్తే ఇంటర్‌సెప్షన్, అంటే బంతి ఎదుటివాడి పాలు, మర్నాడు హెడ్‌లైన్‌లో మాత్రం ఆర్చ్ మానింగ్ తప్పు చేశాడని వస్తుంది. ఒహాయో స్టేట్‌లో ఆ సేఫ్టీ కేలెబ్ డౌన్స్, దేశంలో అతన్ని మించిన సేఫ్టీ లేడు. కొత్త డిఫెన్స్ కోచ్ మ్యాట్ పట్రీషియా ఎన్నో ఏళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పనిచేసి వచ్చినవాడు, చూపించేది ఒకటి, చేసేది ఒకటి. దానికి తోడు లక్ష మందికి పైగా అరుస్తుంటే పక్కన దూరంగా నిలబడ్డ రిసీవర్‌కి క్వార్టర్‌బ్యాక్ గొంతు వినిపించదు, బంతి కదలడం చూసి కదలాల్సిందే. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మొదటి మ్యాచే ఇదంటే మాటలు కాదు.

అందుకే ఇక్కడ ఆస్టిన్‌లో చాలామంది అంటున్నది, కొత్త పిల్లల్ని కొలంబస్‌లో దించొద్దు, తర్వాత శాన్ హోజే స్టేట్, యూటెప్, శామ్ హ్యూస్టన్ అనే చిన్న జట్లు ఉన్నాయి కదా, అక్కడ ఆడించుకోవచ్చని. నేను దీనికి ఒప్పుకోను. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒహాయో స్టేట్ కార్నర్ లాంటివాడు ఎదురు నిలబడడు. తర్వాత అక్టోబర్ 4న ఫ్లోరిడా వెళ్లాలి, నవంబర్‌లో జార్జియా, టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఉన్నాయి, అప్పుడు మూర్‌కో వింగోకో దెబ్బ తగిలితే ఎప్పుడూ గట్టి ప్రత్యర్థిని ఎదుర్కోని కుర్రాడిని హఠాత్తుగా దించాల్సి వస్తుంది. లాకెట్‌కి, మెకచిన్‌కి కొలంబస్‌లోనే మొదటి సగంలోపు ఆరేడు ఆటలు ఇవ్వండి, బంతి విసరకపోయినా పర్వాలేదు. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా కాలేజీలో ఆడగలిగే ఏళ్లలో ఒకటి తరగదని నిబంధన ఉండనే ఉంది, కాబట్టి ఆ కుర్రాడికి పోయేదేం లేదు.

ఈ పిల్లల గురించి మీరు రాయడానికి ఇంకో కారణం ఉంది. లాకెట్ డాలస్ దగ్గరి శాక్సీ కుర్రాడు. లివింగ్‌స్టన్, మెకచిన్ ఇద్దరూ లూకస్‌లోని లవ్‌జాయ్ హైస్కూల్ నుంచి వచ్చారు. శాక్సీ, లూకస్, పక్కనే ఆలెన్, ప్లేనో, మీ పాఠకులు వేలమంది ఉండేది ఆ చుట్టుపక్కలే. మన పిల్లలు బ్యాండ్‌లో వాయించే శుక్రవారం రాత్రి మ్యాచ్‌ల్లోనే వీళ్లూ ఆడి పైకి వచ్చారు. క్యాచ్ పట్టి లేచి, బంతిని బుద్ధిగా రిఫరీ చేతికిచ్చి పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్లే ఆ పిల్లల్ని ఆ బ్లీచర్ల మీద కూర్చుని చూసిన తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకి మానింగ్ వంశం కంటే ఈ పేర్లే దగ్గరగా అనిపిస్తాయి.

మ్యాచ్ ముందు రోజు సంచికలో ఒక చిన్న బాక్స్ వేయండి చాలు: రిసీవర్లు ఎవరెవరు, ఎవరి వెనక ఎవరు, ఏ ఊరివాళ్లు. సమయం కూడా వేయండి. కొలంబస్‌లో మధ్యాహ్నం 12 అంటే హైదరాబాద్, విజయవాడల్లో శనివారం రాత్రి 9:30, పిల్లల్ని ఇక్కడికి చదువుకి పంపిన వాళ్లు చాలామంది అప్పటికి మేలుకునే ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
సెడార్ పార్క్, టెక్సస్